టర్బోలు ఆఖర్న కొనండి

సంపాదకుల గారికి నమస్కారం.

మాది విజయవాడ, ఉద్యోగరీత్యా డాలస్‌లో ఉంటున్నాను. మీ ఆదివారం అనుబంధంలో ట్విన్ టర్బో కార్ల మీద వచ్చిన వ్యాసాన్ని మా మేనల్లుడు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపించాడు, కింద ఒక్క లైను రాశాడు: "మావయ్యా, మన కారుకి ఇలా రెండు పెట్టించాలంటే ఎంతవుద్ది?" వాడు మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, ఇంట్లో ఉన్నది 1.2 లీటర్ల చిన్న కారు. వాడికి చెప్పాల్సింది ఫోన్లో చెప్పాను. కానీ అదే వ్యాసం చదివిన పిల్లలు ఇంకా వేలమంది ఉంటారు కదా, వాళ్ళకి కూడా చెప్పాలనిపించి ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అయింది, కుదిరితే కత్తిరించకుండా వేయండి.

నా మొదటి అభ్యంతరం, రెండు టర్బోలు పెడితే పవర్ రెట్టింపు అవుతుందని రాయడం మీద. అలా అవ్వదండీ. ఇంజను ఎంత గాలి తీసుకోగలదు, ఆ గాలికి సరిపడా పెట్రోలుని తాను పగిలిపోకుండా ఎంత కాల్చగలదు, పవర్ అంతా దాని మీదే ఉంటుంది. టర్బో చేసేది కొలిమి దగ్గర తిత్తి చేసే పనే, కాకపోతే ఈ తిత్తిని ఊదేది మనిషి కాదు, ఇంజనులోంచి బయటికి పోయే వేడి పొగ. 600 హార్స్‌పవర్ కావాలంటే నిమిషానికి సుమారు 60 పౌండ్లు, అంటే 27 కిలోల గాలి లోపలికి పోవాలి. ఆ 60 పౌండ్లూ ఒక పెద్ద టర్బో ఇచ్చినా, 30 చొప్పున రెండు చిన్నవి ఇచ్చినా ఇంజనుకి తేడా తెలియదు. చిన్నవి రెండైతే తొందరగా వేగం అందుకుంటాయని కూడా అంటుంటారు, కానీ ఒక్కోదానికి అందే పొగ కూడా సగమే అవుతుందని మర్చిపోతారు.

మరి రెండు ఎందుకు పెడతారంటే, ఎక్కువగా చోటు కోసం. వి-8, వి-6 ఇంజన్లలో సిలిండర్లు రెండు వరసలుగా ఉంటాయి కాబట్టి పొగ బయటికి వచ్చే ఎగ్జాస్టులు కూడా రెండు పక్కలా రెండు ఉంటాయి, ఏ పక్క పొగ ఆ పక్క టర్బోకి పంపితే పైపు పొట్టిగా ఉంటుంది, దారిలో వేడి పోదు. 1981లో మాసెరాటి కంపెనీ బైటర్బో అని అమ్మింది, అమ్మకానికి వచ్చిన మొదటి ట్విన్ టర్బో కారు అదే, అది కూడా వి-6. అప్పట్లో ఇటలీలో 2 లీటర్లు దాటిన ఇంజన్ల మీద పన్ను బాగా ఎక్కువ, అందుకని చిన్న ఇంజను నుంచి పెద్ద ఇంజను పని రాబట్టడానికి ఆ దారి పట్టారు. మీ వ్యాసంలో ఫోటో వేసిన టయోటా సుప్రా లెక్క వేరు. దాని 2జేజెడ్ ఇంజనులో ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి, కింద స్పీడులో ఒక టర్బో పనిచేస్తుంది, 4,000 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర రెండోది కూడా పూర్తిగా కలుస్తుంది. ఆ రెండిటికీ మధ్య పొగని మళ్ళించడానికి ఎన్ని వాల్వులు, ఎన్ని గొట్టాలు ఉంటాయో చూస్తే కంపెనీ ఇంజనీర్లు ఎంత కష్టపడ్డారో తెలుస్తుంది. విచిత్రం ఏంటంటే, ఆ కారుకి పవర్ పెంచుకునేవాళ్ళలో చాలామంది ఆ రెండూ పీకేసి ఒక్క పెద్ద టర్బో పెట్టుకుంటారు.

ఇక నా సంగతి. మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో అరిగిన సిలిండర్లని తొలిచి సరిచేసే రీబోరింగ్ షాపు ఉండేది. స్కూలు వదిలాక నేను అక్కడే ఉండేవాణ్ణి, లారీ ఇంజన్ల బోరు కొట్టడం, క్రాంకు గ్రైండింగ్, హెడ్డు ఫేసింగ్ అన్నీ చూస్తూ పెరిగాను. అమెరికా వచ్చి పదేళ్ళయ్యాక ఆ చేతి దురద మళ్ళీ మొదలై, 2000 మోడల్ షెవర్లే కమారో ఒకటి తక్కువకి దొరికితే కొన్నాను. అందులో ఉన్న వి-6 తీసేసి, తుక్కు యార్డులో పడున్న సిల్వరాడో పికప్ ట్రక్కు నుంచి దించిన 5.3 లీటర్ల వి-8 పెడదామనుకున్నాను. ఈ ఇంజను ఇక్కడ లక్షల ట్రక్కుల్లో ఉంది, బ్లాకు పోత ఇనుముది, దెబ్బ తట్టుకుంటుంది, బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 96 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 92, కంప్రెషన్ (లోపలి గాలిని నొక్కే నిష్పత్తి) 9.5. టర్బో పెట్టుకోవడానికి దీనికంటే చవకైనది ఇక్కడ దొరకదు.

నేను చేసిన తప్పు ఏంటంటే, ఇంజను కొన్న వారమే టర్బోలు కూడా కొనేశాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. రెండు టర్బోలూ డబ్బాలో మెరుస్తూ గ్యారేజీ బల్ల మీద కూర్చున్నాయి, మిగతా ప్లానంతా వాటి చుట్టూ అల్లుకున్నాను. అసలు తిరగేసి చెయ్యాలి. కారు ఎక్కడ నడుపుతావు, ఎన్ని హార్స్‌పవర్ కావాలి, ఏ పెట్రోలు పోస్తావు, ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాక గానీ ఒక్క బోల్టు కూడా కొనకూడదు. ఎందుకంటే మిగతా లెక్కలన్నీ ఈ మూడింటి నుంచే పుడతాయి.

పెట్రోలు సంగతే తీసుకోండి. మన పిల్లలు అమెరికా వాళ్ళ వీడియోలు చూసి "వాళ్ళు 91 ఆక్టేన్ మీద ఇంత బూస్ట్ నడుపుతున్నారు, మన బంకులో కూడా అంతకి తక్కువేం లేదు కదా" అనుకుంటారు. బూస్ట్ అంటే టర్బో గాలిని నొక్కే ఒత్తిడి, ఆక్టేన్ అంటే పెట్రోలు నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే నంబరు. ఇక్కడి బంకు మీద రాసే నంబరు రెండు రకాల పరీక్షల సగటు, ఇండియాలో చెప్పే నంబరు అందులో ఒక్క పరీక్షది, ఆర్‌ఓఎన్ అంటారు. ఇక్కడి 93 మన లెక్కలో దాదాపు 98 అవుతుంది, ఇక్కడి 91 మన దగ్గర 95, 96 కింద లెక్క. ఈ ఒక్క తేడా తెలియక నాకింగ్ వచ్చి ఇంజన్లు పోగొట్టుకుంటారు. నాకింగ్ అంటే, స్పార్కు ప్లగ్గు అంటించాల్సిన మంట కాకుండా, మిగిలిన గాలీ పెట్రోలూ ఒత్తిడికి వాటంతటవే భగ్గుమనడం. మామూలు ఇంజనులో అది చాలాసార్లు టకటక శబ్దంతోనే పోతుంది. టర్బో ఇంజనులో అది పిస్టను మీద సమ్మెట దెబ్బ.

ఇక్కడ ఈ85 అని ఇథనాల్ ఎక్కువ కలిపిన ఇంధనం కొన్ని బంకుల్లో దొరుకుతుంది, నాకింగ్‌ని బాగా ఆపుతుంది, లోపల చల్లగా ఉంచుతుంది. పేరుకి 85 గానీ సీజన్ని బట్టి అందులో ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు, అందుకే ఎంత ఉందో చూసి కంప్యూటర్‌కి చెప్పే సెన్సరు పెట్టుకోవాలి. పైగా దాన్ని పోస్తే మూడోవంతు ఎక్కువ ఇంధనం కావాలి. నా 600 హార్స్‌పవర్‌కి మామూలు పెట్రోలు అయితే ఒక్కో ఇంజెక్టరు (ఇంజనులోకి పెట్రోలు చిమ్మేది) నిమిషానికి 640 సీసీలు ఇస్తే చాలు, ఈ85 అయితే 870 దాకా కావాలి, దానికి తగ్గట్టు పంపు, ట్యాంకు నుంచి వచ్చే పైపులు అన్నీ పెద్దవవ్వాలి. చూడండి, టర్బో సైజు మాట ఇంకా రానేలేదు.

తర్వాత వేడి. సైకిల్ పంపు గబగబా కొడితే కింద గొట్టం కాలుతుంది కదా, అదే ఇక్కడ జరుగుతుంది. 40 డిగ్రీల ఎండలో బయటి గాలిని 12 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని ఒత్తిడి కొలత) బూస్ట్‌కి నొక్కితే, మంచి టర్బో అయినా సరే, గాలి 115 డిగ్రీలు దాటుతుంది. వేడి గాలి పల్చన, పైగా నాకింగ్‌కి దారి, అందుకే మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి చల్లార్చాలి. ఇంటర్‌కూలర్ రేడియేటర్ ముందు నిలబడుతుంది, అంటే రేడియేటర్‌కి వెళ్ళే గాలికి అది అడ్డం, అప్పుడు రేడియేటర్ పెద్దది కావాలి, ఏసీ కండెన్సర్ ఎక్కడికి పోవాలో చూసుకోవాలి. డాలస్ ఎండలకీ విజయవాడ ఎండలకీ పెద్ద తేడా లేదు కాబట్టి ఇది గాలి వాటంగా చెప్పడం లేదు, వేసవిలో మా కారు నీళ్ళ వేడి ముల్లు చూస్తూ ఎంత టెన్షన్ పడ్డానో నాకు తెలుసు.

టర్బోలు రెండయితే ఏదైనా రెండే. ఆయిలు వచ్చే గొట్టాలు రెండు, ఆయిలు దిగిపోయే గొట్టాలు రెండు, బూస్ట్ మితిమీరకుండా పొగని పక్కకి వదిలే వేస్ట్‌గేట్లు రెండు, లీకు అవ్వడానికి జాయింట్లు రెట్టింపు. ఆయిలు దిగే గొట్టం గురించి ఎవరూ చెప్పరు. టర్బోలోకి ఆయిలు ఒత్తిడితో వస్తుంది గానీ బయటికి దానంతటదే కిందికి జారాలి, అందుకని ఇంజను అడుగున ఉండే ఆయిలు సంపులోని మట్టం కంటే టర్బో పైన ఉండాలి, గొట్టం ఎక్కడా పైకి వంకర తిరగకూడదు. నేను కమారోలో చోటు లేక ట్రక్కు మానిఫోల్డులు (సిలిండర్ల పొగని ఒకచోటికి చేర్చే గొట్టాలు) తిరగేసి ముందుకి పెట్టి, టర్బోలని రేడియేటర్ వెనకాల కిందికి దించాను. మొదటిసారి స్టార్ట్ చెయ్యగానే ఎడమ పక్క నుంచి నీలం పొగ. టర్బో పోయిందనుకుని గుండె జారింది. అది కాదు, గొట్టం ఒక చోట అర అంగుళం పైకి లేచి ఉంది, అక్కడ ఆయిలు నిలబడి సీలు దాటి వస్తోంది. టర్బోని పైకి జరపడానికి రెండు వారాలు పట్టింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఒక షాపులో డైనో (కారుని నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం) మీద ట్యూనింగ్ చేయించాను, అక్కడ అంతా బాగానే ఉంది. పెట్రోలు పంపుకి మాత్రం పాత సన్న వైరే వదిలేశాను, పంపు పెద్దది పెట్టాను కదా చాలనుకున్నాను. టర్బో కారులో పెట్రోలు ప్రెషరు బూస్ట్‌తో పాటు సరిసమానంగా పెరగాలి, మామూలుగా 58 పీఎస్‌ఐ ఉంటే 12 బూస్ట్‌లో 70 ఉండాలి. ట్రాకు మీద మూడో గేరులో 5,400 ఆర్‌పీఎం దగ్గర అది 52కి పడిపోయింది. సన్న వైరులో వోల్టేజి సరిపోక పంపు నీరసించింది. గాలేమో పూర్తిగా వస్తోంది, పెట్రోలు తక్కువ. రెండు సెకన్లు, అంతే. లోపల ఏదో తెగినట్టు చిన్న చప్పుడు, వెనక తెల్లటి పొగ.

ఇంజను మీద మూతలా ఉండే హెడ్డు విప్పితే ఏడో సిలిండరు పిస్టను అంచు విరిగి ఉంది. చేతిలో పెట్టుకు చూశాను, గోరంత ముక్క, పై రింగు (పిస్టను చుట్టూ ఉండే, ఒక చోట తెగి ఉన్న వలయం) కూర్చునే గాడి పక్కన విరిగింది. రింగు రెండు కొసలూ నున్నగా మెరుస్తున్నాయి, అద్దం లాగా. దాని అర్థం మా నాన్న షాపులో పెరిగిన నాకు తెలియాలి. రింగు వేడెక్కి సాగినప్పుడు కొసలు రెండూ ఒకదానికొకటి ఆనుకున్నాయి, ఇక సాగడానికి చోటు లేక గోడని ఒరుసుకుంటూ పిస్టను అంచుని పెకిలించింది. పెట్రోలు తగ్గి లోపల మితిమీరిన వేడి పుట్టడం ఒకటి, ఆ కొసల మధ్య కంపెనీ వదిలిన రింగు గ్యాపు మామూలు ఇంజనుకి సరిపడేదే కావడం ఒకటి, రెండూ కలిశాయి.

నాన్న ప్రతి రింగునీ బోరులో పెట్టి, పిస్టనుతో సమంగా కిందికి నెట్టి, ట్యూబులైటు కింద కొసల మధ్య ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి ఆకు) దూర్చి చూసేవాడు. "రింగుకి ఊపిరాడాలిరా" అనేవాడు. మామూలు ఇంజనుకి బోరు అంగుళానికి 4 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) చొప్పున వదిలితే చాలు, 96 మిల్లీమీటర్ల బోరుకి 15 థౌ అవుతుంది. టర్బో ఇంజనుకి అంగుళానికి 6 థౌ, అంటే 22, 23 థౌ కావాలి. రింగు కొసని చిన్న ఆకురాయితో అరగదీస్తే అయిపోయే పని, ఎనిమిది సిలిండర్లకీ ఒక ఆదివారం చాలు. ఆ ఒక్క ఆదివారం మిగుల్చుకోబోయి ఇంజను పోగొట్టుకున్నాను.

రెండోసారి కట్టినప్పుడు రూళ్ళ నోటుబుక్కు ఒకటి కొని ఎనిమిది నెలలు ఊరికే రాశాను. రింగు గ్యాపులు, హెడ్డుకి స్టడ్లు, ప్లగ్గు గ్యాపు తగ్గించడం, పంపుకి బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, దానికో రిలే. అన్నిటికంటే ముఖ్యం, పెట్రోలు ప్రెషరు తగ్గినా, గాలి-పెట్రోలు నిష్పత్తి చూపించే వైడ్‌బ్యాండ్ సెన్సరు తేడా చూపినా ఇంజనుని దానంతటదే ఆపేసే ఏర్పాటు కంప్యూటర్‌లో పెట్టించాను. గేరుబాక్సు కూడా మార్చాల్సి వచ్చింది, కారుతో వచ్చిన 4ఎల్60ఈ తట్టుకోదు, ట్రక్కుల్లో వచ్చే 4ఎల్80ఈ వేశాను. బ్రేకులు, టైర్లు, వెనక యాక్సిలు. మొత్తం లెక్క వేస్తే నా ఖర్చులో రెండు టర్బోలదీ ఎనిమిదో వంతు కూడా లేదు. మీ వ్యాసంలో "కిట్ ధర" అని ఒక్క అంకె వేశారు చూడండి, అది చదివి ఎవరైనా అప్పు చేస్తే మిగతా ఏడు వంతులు ఎక్కడి నుంచి తెస్తారు?

ఇంకొక సంగతి కూడా వ్యాసంలో రాయాల్సింది. ఇండియాలో రోడ్డు మీద తిరిగే కారుకి ఇది చట్టవిరుద్ధం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు డబ్బు ఇవ్వనంటే అప్పుడు మన వైపు వాదించడానికి ఏమీ ఉండదు. హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు, విశాలంగా, నున్నగా ఉంటుంది, రాత్రి పన్నెండు దాటాక పిల్లలు అక్కడ ఏం చేస్తున్నారో మీకు నాకంటే బాగా తెలుసు, మీ పేపర్లోనే వస్తుంటాయి ఆ వార్తలు. ఒక పేజీలో రింగు రోడ్డు ప్రమాదం, ఇంకో పేజీలో టర్బో కిట్ ధర. నాకు చాలా బాధగా అనిపించింది.

మోజు తప్పు కాదు. నాకూ ఉంది, ఇప్పటికీ ఉంది. దానికో చోటు కావాలి. నేను కమారోని ట్రైలర్ మీద ఎక్కించుకుని డాలస్ దగ్గర ఎన్నిస్‌లో ఉన్న టెక్సస్ మోటార్‌ప్లెక్స్‌కి తీసుకెళ్తాను, పావు మైలు తిన్నటి కాంక్రీటు ట్రాకు, అక్కడ తప్ప ఇంకెక్కడా నడపను. అక్కడా రూల్సు గట్టివే. పావు మైలు 11.49 సెకన్లకి వచ్చిందంటే రోల్ బార్ (కారు బోల్తా పడితే డ్రైవరుని కాపాడే ఇనప కమ్మి) ఉండాల్సిందే, నా కారులాంటి పాతది 9.99కి దిగితే చుట్టూ అలాంటి కమ్మీలతో పూర్తి కేజి, డ్రైవరుకి విడిగా లైసెన్సు. మన దగ్గర కూడా చోట్లు లేకపోలేదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 1990 నుంచి ట్రాకు ఉంది, విజయవాడలో రాత్రి బయల్దేరితే తెల్లారేసరికి అక్కడ ఉంటాం. కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల పోటీ జరిగినప్పుడు మన పిల్లలు ఎంత ఆశగా చూశారో టీవీలో చూశాను.

కాబట్టి నేను మిమ్మల్ని అడిగేది రెండే. రెట్టింపు పవర్ అన్న మాటకి సవరణ వేయండి. వచ్చే అనుబంధంలో సెక్షన్ 52 ఏం చెప్తోందో, చెన్నై ట్రాకులో ట్రైనింగు ఎలా తీసుకోవాలో కనుక్కుని ఒక పేజీ ఇవ్వండి. ఆటోనగర్‌లో ముప్పై, నలభై ఏళ్ళుగా బోరు కొడుతున్న పెద్ద మేస్త్రీలు ఇంకా ఉన్నారు, వాళ్ళలో ఒకరి దగ్గరికి మీ విలేకరిని పంపినా చాలు, ఈ ఉత్తరంలో నేను రాసినదానికంటే ఎక్కువే చెప్తారు.

మేనల్లుడికి కిట్ కొనొద్దని చెప్పాను. మొదట్లో అలిగాడు. "అయితే ఏం చెయ్యమంటావు మావయ్యా" అన్నాడు. నాన్న షాపు ఇప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నాయన నడుపుతున్నాడు, ఆదివారాలు అక్కడికి వెళ్ళి కూర్చోరా అన్నాను. నిన్న ఫోటో పంపాడు. లారీ ఇంజను బోరులో రింగు, గ్యాపులో ఫీలర్ గేజి ఆకు, పక్కన నల్లగా మసి పట్టిన వాడి బొటనవేలు. కింద రాశాడు: "18 థౌ వచ్చింది. ఇది ఎక్కువా తక్కువా?" బోరు ఎంతో కొలిచి చెప్పమన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
డాలస్, టెక్సస్